వెయ్యి గజాల బెంచ్‌రెస్ట్ రైఫిల్‌కు కార్ట్రిడ్జ్ ఎంచుకోవడం ఎలా?

కొత్తగా రైఫిల్ కట్టించుకోవాలనుకునేవారు ముందుగా యాక్షన్ (తూటాను లోపల బిగించి కాల్చే యంత్రభాగం) కొంటారు, స్కోపు కొంటారు, స్టాకు రంగు కూడా ఖాయం చేసుకుంటారు. కార్ట్రిడ్జ్ మాత్రం, అంటే గుండు, దాన్ని తోసే పొడి మందు, నిప్పు రగిల్చే ప్రైమర్, వీటిని పట్టి ఉంచే ఇత్తడి గుల్ల కలిసిన తూటా రకం, చివర్లో, ఎవరో చెప్పిన మాట మీద, వేగాల పట్టిక ఒకటి చూసి తేల్చేస్తారు. ఇది తలకిందుల క్రమం. బోల్టు ముఖం కొలత, బ్యారెల్ లోపలి గాడుల మెలిక, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే గది) లోతు, ఏటా అయ్యే ఖర్చు, బెంచీ దగ్గర మీరు కూర్చునే పద్ధతి, అన్నీ కార్ట్రిడ్జ్ వెంట నడిచేవే. అందుకే దాన్ని మొదట తేల్చాలి. తేల్చేటప్పుడు వేగాల పట్టికను పక్కన పెట్టాలి.

తెలుగువారికి షూటింగ్ అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తెచ్చిన కాంస్యం. బెంచ్‌రెస్ట్ దానికి దూరపు చుట్టం. ఇందులో రైఫిల్‌ను మనిషి మోయడు. కదలని బెంచీ మీద ముందు ఒక ఇసుక సంచి, వెనుక ఒక ఇసుక సంచి, వాటి మీద రైఫిల్. అయిదు గుళ్లో పది గుళ్లో ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నదే పోటీ. దూరపు విభాగంలో 600 గజాలు, 1000 గజాలు ప్రధానం. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. ఆటకు పుట్టినిల్లు పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్. అక్కడి వెయ్యి గజాల క్లబ్బు 1967 నాటిది. నేను ఇక్కడ రాస్తున్నదంతా అమెరికా పోటీలను దృష్టిలో పెట్టుకునే.

చట్టం మాట ముందే చెప్పుకోవాలి. అమెరికాలో ఉద్యోగం మీదో చదువు మీదో తాత్కాలిక వీసాతో ఉంటున్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు గానీ రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి. హెచ్-1బీ మీద ఉన్నవారు డబ్బు ఖర్చు పెట్టకముందే న్యాయవాదిని అడగడం మేలు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. చేత్తో తూటా నింపుకోకుండా ఈ ఆట లేదు కనుక, ఇంటి దగ్గర చదువుతున్నవారు దీన్ని ఆసక్తి కోసం చదువుకోవచ్చు.

మొదటి మెట్టు: ఏ పోటీ, ఏ తరగతి

"దూరం కాల్చాలి" అనుకుంటే చాలదు. మీ ఇంటికి రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్న క్లబ్బు 600 గజాలు పెడుతుందా, 1000 పెడుతుందా? ఐబీఎస్ (ఇంటర్నేషనల్ బెంచ్‌రెస్ట్ షూటర్స్) నిబంధనలు పాటిస్తుందా, ఎన్‌బీఆర్‌ఎస్‌ఏ (నేషనల్ బెంచ్‌రెస్ట్ షూటర్స్ అసోసియేషన్) నిబంధనలా? ఐబీఎస్ వెయ్యి గజాల పోటీలో లైట్ గన్ అంటే స్కోపుతో సహా 17 పౌండ్లు, మన లెక్కలో 7.7 కిలోలు మించకూడదు. అయిదు గుళ్లు కాలుస్తారు. హెవీ గన్‌కు బరువు హద్దు లేదు, పది గుళ్లు. మొదటి రైఫిల్ కట్టించుకునేవారికి నేను లైట్ గన్ తప్ప మరొకటి చెప్పను. అదే రైఫిల్‌ను హెవీ తరగతిలోనూ దించవచ్చు, రెండోది అక్కర్లేదు.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. బెంచ్‌రెస్ట్, ఎఫ్-క్లాస్ రెండూ దూరపు ఆటలే, రెండింట్లోనూ రైఫిల్ దేనిమీదో ఆని ఉంటుంది. కానీ ఎఫ్-క్లాస్‌లో నేల మీద పడుకుని కాలుస్తారు. గోతి దగ్గర మనుషులు టార్గెట్‌ను దించే సంప్రదాయ పద్ధతిలో ప్రతి గుండు తరువాతా అది కిందికి దిగి, గుర్తు పెట్టించుకుని పైకి వస్తుంది. ప్రతిసారీ ఆగాల్సిందే, ప్రతిసారీ గాలిని కొత్తగా చదవాల్సిందే. అందుకే అక్కడి ఓపెన్ తరగతిలో గాలికి తక్కువగా కొట్టుకుపోయే బరువైన 7 మిల్లీమీటర్ల గుళ్లు రాజ్యమేలుతాయి. బెంచ్‌రెస్ట్‌లో రికార్డు కోసం కాల్చే గుళ్లు ఎక్కడ పడుతున్నాయో మధ్యలో ఎవరూ చూపించరు, టార్గెట్ దిగదు. గాలి ఒక తీరులో నిలిచిందని మీకు అనిపించిన క్షణాన మొదలుపెట్టి, అది మారేలోపు అయిదూ కాల్చేయవచ్చు. చేయి తిరిగినవారు ఆ అయిదింటినీ ఇరవై సెకన్ల లోపే ముగిస్తారు. ఎఫ్-క్లాస్ విజేతల జాబితా చూసి బెంచ్‌రెస్ట్ కార్ట్రిడ్జ్ ఎంచుకోవడం ఎందుకు పొరపాటో ఇక్కడే తెలుస్తుంది. ఇక్కడ పనికొచ్చేది వేగంగా, అలజడి లేకుండా, అయిదుసార్లూ ఒకేలా కాల్చనిచ్చే తూటా.

ఈ మార్పు రికార్డుల్లో కూడా కనిపిస్తుంది. 2007లో టామ్ సార్వర్ వెయ్యి గజాల్లో అయిదు గుళ్లను 1.403 అంగుళాల్లో పెట్టినప్పుడు వాడింది .300 హల్క్ అనే పెద్ద .30 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం 0.30 అంగుళాలు) వైల్డ్‌క్యాట్, అంటే కంపెనీలు కాక షూటర్లే మలచుకున్న తూటా. 2014లో మోంటానాలోని డీప్ క్రీక్ రేంజిలో జిమ్ రిచర్డ్స్ దాన్ని 1.068 అంగుళాలకు దించింది 6 ఎంఎం డాషర్‌తో. ఆ పెద్ద తూటా పక్కన డాషర్ పిల్ల తూటాలా ఉంటుంది.

క్లబ్బు ఖాయమయ్యాక అక్కడి గత రెండు మూడేళ్ల ఫలితాల పట్టికలు అడిగి తీసుకోండి. చాలా క్లబ్బులు విజేత ఏ కార్ట్రిడ్జ్, ఏ గుండు, ఏ మందు వాడాడో కూడా నమోదు చేస్తాయి. మొదటి పది స్థానాల్లో ఏవి పదే పదే వస్తున్నాయో చూస్తే సగం పని అయిపోతుంది. ఒక్కసారి గెలిచినదాన్ని పట్టించుకోకండి. సీజన్ సగటులో పైన నిలిచినవాటిని చూడండి.

రెండో మెట్టు: ముందు గుండు, తరువాత దాని ఇల్లు

కార్ట్రిడ్జ్ అనేది గుండును గాడుల్లోకి నెట్టే పనిముట్టు. కాబట్టి ముందు గుండును ఎంచుకోవాలి. ఈ ఆటలో నిజంగా బరిలో ఉన్నవి మూడు వ్యాసాలు.

6 మిల్లీమీటర్లలో 103 నుంచి 110 గ్రెయిన్ల (7000 గ్రెయిన్లు ఒక పౌండు) గుళ్లు: బెర్గర్ 105 హైబ్రిడ్, బెర్గర్ 108 బీటీ, సియెరా 107, హోర్నడీ 108 వంటివి. 7 మిల్లీమీటర్లలో 180 గ్రెయిన్ల చుట్టుపక్కలవి: బెర్గర్ 180 హైబ్రిడ్, 184, సియెరా 183. .30 క్యాలిబర్‌లో 210 నుంచి 220 గ్రెయిన్లు: బెర్గర్ 215 హైబ్రిడ్ లాంటివి. గాలిని చీల్చుకుపోయే గుణాన్ని చెప్పే జీ7 సంఖ్య మొదటి జాతికి 0.27, 0.28 మధ్య ఉంటే, రెండోదానికి 0.34 పైచిలుకు, మూడోదానికి దాదాపు 0.35.

అంకెలు చూడగానే పెద్ద గుండు వైపు మనసు పోతుంది. ఆ మొగ్గును లెక్కతో పరీక్షిద్దాం. సెకనుకు 2975 అడుగుల వేగంతో బయలుదేరిన 105 గ్రెయిన్ల గుండు వెయ్యి గజాలు చేరడానికి దాదాపు 1.4 సెకన్లు పడుతుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఉంటే అది సుమారు 75 అంగుళాలు పక్కకు పోతుంది. 2850 అడుగుల వేగంతో వెళ్లే 180 గ్రెయిన్ల 7 ఎంఎం గుండు అదే గాలిలో సుమారు 60 అంగుళాలు పోతుంది. తేడా 15 అంగుళాలు, చాలా ఎక్కువగానే కనిపిస్తుంది.

అయితే స్కోపులో మీరు ఎలాగూ గాలికి తగ్గట్టు జరుపుకుంటారు. గ్రూపును, అంటే గుళ్లు పడిన రంధ్రాల గుంపును, పాడుచేసేది మొత్తం గాలి కంటే, అయిదు గుళ్ల మధ్యలో మారిన గాలి. మధ్యలో గాలి గంటకు ఒక మైలు మారిందనుకుందాం. చిన్న గుండు ఏడున్నర అంగుళాలు, పెద్దది ఆరు అంగుళాలు జరుగుతుంది. అంటే మైలుకు ఒకటిన్నర అంగుళాల లాభం. అదే చిన్న తూటాతో మీరు గాలి మారకముందే ముగించగలిగితే, ఆ మైలు మార్పు మీ గ్రూపులోకే రాదు. పెద్ద తూటా తన్నుకు (కాల్చగానే వెనక్కి కొట్టే దెబ్బకు) రైఫిల్ సంచుల మీద పక్కకు జరిగి, మళ్లీ గురి సరిచేసుకోవడానికి పది సెకన్లు ఎక్కువ పడితే, కొనుక్కున్న ఒకటిన్నర అంగుళాలు అక్కడే పోతాయి.

ఇది అన్ని రేంజిలకూ ఒకేలా వర్తించదు. చెట్ల మధ్య, లోయలో ఉండే తూర్పు రాష్ట్రాల రేంజిల్లో గాలి సుడి తిరుగుతుంది, నిమిషంలో మారుతుంది. అక్కడ వేగంగా ముగించడానికే విలువ ఎక్కువ. బయలు నేల మీద రోజంతా బలంగా, తెరలు తెరలుగా వీచే చోట ఎంత తొందరపడినా ఒకే తీరు దొరకదు. అక్కడ 7 ఎంఎం తన విలువ చూపిస్తుంది. మీ రేంజి ఏ రకమో అక్కడ పదేళ్లుగా కాలుస్తున్న పెద్దమనిషిని అడిగితే ఒక్క వాక్యంలో చెబుతాడు.

600 గజాల పోటీ ఒక్కటే మీ లక్ష్యమైతే ఈ మీమాంస అక్కర్లేదు. 6 ఎంఎం తీసుకోండి.

మధ్యలో 6.5 మిల్లీమీటర్లు ఉంది కదా అని అడుగుతారు. 2000 ప్రాంతంలో 6.5-284 వెయ్యి గజాల్లో బాగా వెలిగింది. ఇప్పుడు తన్నులో 6 ఎంఎం అంత హాయిగా ఉండదు, గాలిలో 7 ఎంఎం అంత నిలవదు, పైగా 6.5-284 బ్యారెల్‌ను త్వరగా తినేస్తుంది. 6.5 క్రీడ్‌మోర్ మంచి కార్ట్రిడ్జే; వేటకూ, పడుకుని కాల్చే పోటీలకూ బాగుంటుంది. బెంచీ కోసమే కట్టించే రైఫిల్‌కు నేనైతే ఎంచుకోను.

మూడో మెట్టు: 17 పౌండ్లలో తన్ను ఎంత

తన్ను భుజానికి నొప్పి పుట్టిస్తుందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. 17 పౌండ్ల రైఫిల్ ఎవరి భుజాన్నీ విరగ్గొట్టదు. సంచుల మీద రైఫిల్ సూటిగా వెనక్కి జారి, ముందుకు నెట్టగానే మళ్లీ అదే గురికి వస్తుందా అన్నది చూడాలి. గుండు గొట్టం వదలకముందే రైఫిల్ కదలడం మొదలవుతుంది కాబట్టి, ఎంత ఎక్కువ తన్నితే మీ చేతి ఒత్తిడిలోని చిన్న తేడాలు అంత ఎక్కువగా టార్గెట్ మీద కనిపిస్తాయి.

17 పౌండ్ల రైఫిల్‌లో లెక్క వేస్తే, డాషర్ తన్ను శక్తి నాలుగు అడుగు-పౌండ్లకు కాస్త తక్కువ. 7 ఎంఎం తూటా అయిన .284 విన్‌చెస్టర్‌ది పదికి దగ్గర. .30 క్యాలిబర్‌లోని .300 డబ్ల్యూఎస్ఎం (విన్‌చెస్టర్ షార్ట్ మ్యాగ్నమ్)ది పద్నాలుగు దాటుతుంది. అంటే డాషర్‌కు దాదాపు నాలుగు రెట్లు. డాషర్‌ను చాలామంది భుజం తగిలీ తగలకుండా, చూపుడు వేలు తప్ప చేయి పెట్టకుండా కాలుస్తారు. .300 డబ్ల్యూఎస్ఎంను అలా కాలిస్తే రైఫిల్ బెంచీ మీద నిలవదు. పట్టుకోవాలి, ప్రతిసారీ ఒకే ఒత్తిడితో పట్టుకోవాలి. దాన్ని నేర్చుకున్నవారు ఉన్నారు, గెలుస్తున్నారు కూడా. కొత్తవారు మొదటి ఏడాదే దానితో కుస్తీ పట్టనక్కర్లేదు. మజిల్ బ్రేకు (గొట్టం మూతికి బిగించి వాయువును పక్కకు మళ్లించే ముక్క) పెట్టి తన్ను తగ్గించాలనుకుంటే మీ క్లబ్బు నిబంధనల్లో దానికి అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. పక్క బెంచీవారి మొహం మీద పడే పేలుడు గాలిని కూడా తలచుకోండి.

నిర్ణయించే ముందు ఒక పని చేయండి. క్లబ్బులో రెండు రకాల రైఫిళ్లూ ఉన్నవారిని అడిగి, ఒక్కోదానితో అయిదేసి గుళ్లు కాల్చి చూడండి. ఈ ఆటలో ఉన్నవారు అడిగితే కాదనరు, తూటాల డబ్బు ఇస్తే ఇంకా సంతోషం.

నాలుగో మెట్టు: పేర్ల అడవిలో దారి

6 ఎంఎం అనుకున్నాక, ఏ 6 ఎంఎం? దూరపు బెంచ్‌రెస్ట్‌లో నడిచేవాటికి మూలం 6 ఎంఎం బీఆర్ (బెంచ్‌రెస్ట్). 100, 200 గజాల పోటీల్లో 1975 నుంచి రాజ్యమేలుతున్నది 6 పీపీసీ. అది చిన్న గుళ్ల కోసం, తక్కువ మెలిక కోసం పుట్టింది కనుక దూరానికి పనికిరాదు. పీపీసీ పేరు విని దారి తప్పకండి.

బీఆర్‌లో తక్కువ మందుతోనే అద్భుతమైన నిలకడ ఉంటుంది. 600 గజాలకు ఇప్పటికీ చాలు. వెయ్యికి ఇంకాస్త వేగం కావాలనుకున్నవారు దాని భుజాన్ని (ఇత్తడి గుల్ల ఒళ్లు సన్నబడి మెడగా మారే వాలును) 40 డిగ్రీలకు నిలబెట్టి, లోపల చోటు పెంచారు. భుజాన్ని బాగా ముందుకు జరిపితే వచ్చింది డాషర్. మెడ, భుజం కలిసే చోటును కదపకుండా భుజం కోణం మాత్రమే మారిస్తే వచ్చింది బీఆర్‌ఏ. రెండింటి మధ్య వేగంలో తేడా చాలా స్వల్పం. నిజమైన తేడా ఇత్తడి గుల్ల తయారీలో ఉంది. బీఆర్ ఇత్తడిని బీఆర్‌ఏ ఛాంబర్‌లో పెడితే మెడ దగ్గర గట్టిగా ఆనుతుంది. మామూలు కంటే తగ్గించిన మోతాదుతో కాలిస్తే ఇత్తడి తనంతట తానే సాగి కొత్త ఆకారం తీసుకుంటుంది. డాషర్‌లో భుజం ముందుకు జరిగిపోయింది కనుక ఆ ఆను ఉండదు. మెడను వెడల్పు చేసి తిరిగి కొంత నొక్కి, తాత్కాలికంగా ఒక భుజాన్ని సృష్టించాలి, లేదా గుండును గాడుల్లోకి నొక్కిపెట్టి కాల్చాలి. ఓపిక ఉన్నవారికి ఇదీ ఒక ఆనందమే. లేనివారి కోసం ఆల్ఫా, పీటర్సన్ సంస్థలు నేరుగా డాషర్ ముద్రతోనే ఇత్తడి అమ్ముతున్నాయి.

నా మొగ్గు ఇలా ఉంటుంది: లాపువా కంపెనీ బీఆర్ ఇత్తడి చేతిలో ఉండి, పోటీ లేని రోజుల్లో రేంజికి వెళ్లి వంద తూటాలు కాల్చుకునే వీలు ఉంటే బీఆర్‌ఏ. డబ్బాలోంచి తీసి నేరుగా పోటీకి వెళ్లాలంటే డాషర్. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదనలోకి దిగకండి, అది తేలేది కాదు. 6 జీటీ, 6 క్రీడ్‌మోర్ కూడా మీకు ఎదురవుతాయి. అవి మేగజైన్ ఉన్న రైఫిళ్లతో పరుగులు తీసే పోటీల్లో బాగుంటాయి. బెంచీ మీద ఒక్కొక్కటిగా తూటా పెట్టి కాల్చేటప్పుడు పొడుగాటి తూటాకు వచ్చే సౌకర్యమేమీ లేదు. క్రీడ్‌మోర్ అయితే అదనపు వేగానికి బదులుగా బ్యారెల్ వయసును కోసుకుపోతుంది.

7 ఎంఎం వైపు పోయేవారికి .284 విన్‌చెస్టర్ దగ్గరి దారి. 1963లో వేట కోసం పుట్టి, వేటలో ఆదరణ లేక మూలపడి, అర్ధ శతాబ్దం తరువాత టార్గెట్ ఆటలో రాజయింది. లోపల కాస్త చోటు పెంచిన షెహేన్ రూపం కూడా ఉంది. దాన్ని కట్టించేముందు మీ గన్‌స్మిత్ (తుపాకీ పనివాడు) దగ్గర ఆ రీమర్ (ఛాంబర్ కోసే పనిముట్టు) ఉందో లేదో అడగండి. .30 వైపు .300 డబ్ల్యూఎస్ఎం నేటి ఎంపిక. హెవీ గన్‌లో దానికి నిజమైన చోటు ఉంది.

ఇత్తడి గురించి ఒక నియమం చెప్పుకుంటే చాలు: లాపువా, నార్మా, ఆల్ఫా, పీటర్సన్, ఏడీజీ వంటి వాటిలో కనీసం ఒకటైనా తయారు చేయని, వాటి ఇత్తడి నుంచి మలచుకోవడమూ కుదరని కార్ట్రిడ్జ్‌ను ఎంచుకోవద్దు. ఎవరో స్నేహితుడు తన పేరు పెట్టుకున్న వైల్డ్‌క్యాట్ ఎంత బాగా కాల్చినా సరే.

అయిదో మెట్టు: బోల్టు ముఖం

తూటా అడుగు అంచును పట్టుకునే బోల్టు ముఖానికి కొన్ని ప్రామాణిక కొలతలే ఉన్నాయి. బీఆర్, డాషర్, బీఆర్‌ఏ, క్రీడ్‌మోర్, .308 అన్నిటికీ అంచు 0.473 అంగుళాలు. ఎక్కువ మందు పట్టే మ్యాగ్నమ్ తూటాలకూ .300 డబ్ల్యూఎస్ఎంకూ ఇంకా పెద్దది. .284 విన్‌చెస్టర్‌ను గీసినవారు చేసిన తమాషా ఇక్కడ అక్కరకు వస్తుంది: దాని ఒళ్లు లావు, సుమారు అర అంగుళం, అంచు మాత్రం 0.473. అంటే 0.473 బోల్టుతో ఒక యాక్షన్ కొంటే, దాని మీద ఒక డాషర్ బ్యారెల్, ఒక .284 బ్యారెల్ రెండూ బిగించుకోవచ్చు. బోల్టు మార్చనక్కర్లేదు.

ఆ ఒక్క కారణంతోనే మొదటిసారి కట్టించేవారికి .300 డబ్ల్యూఎస్ఎం వద్దని చెబుతాను. యాక్షన్ బ్యాట్‌దైనా, బోర్డెన్‌దైనా, కెల్‌బ్లీదైనా, డిఫయన్స్‌దైనా, ఆర్డరులో బోల్టు ముఖాన్ని 0.473 అని స్పష్టంగా రాయించండి. .284 ఎప్పటికైనా అమర్చే ఉద్దేశం ఉంటే తూటా పొడవుకు యాక్షన్ నోరు సరిపోతుందో కూడా అడగండి. పొట్టి బీఆర్ తూటాల కోసమే చేసిన యాక్షన్లలో 180 గ్రెయిన్ల గుండుతో ఉన్న నిండు తూటాను బయటికి తీయడం కష్టమవుతుంది.

ఆరో మెట్టు: బ్యారెల్ వయసు, డబ్బు సంచి బరువు

గొట్టంలోని సన్నని దారి గుండా ఎంత ఎక్కువ మందు మండి పోతే, గాడులు మొదలయ్యే చోటు అంత త్వరగా కాలి అరిగిపోతుంది. పోటీ స్థాయిలో గురి నిలిచే వయసు బీఆర్‌కు 2500 కాల్పుల దాకా ఉండవచ్చు. డాషర్, బీఆర్‌ఏలకు 1500 నుంచి 2000. .284కూ దాదాపు అంతే. .300 డబ్ల్యూఎస్ఎంకు వెయ్యి, వెయ్యిన్నర. ఇవి స్థూల అంకెలు. ఎంత వేడి మీద కాలుస్తారు, ఎంత తోముతారన్న దాన్ని బట్టి మారతాయి. వేగంగా అయిదు గుళ్లు కాల్చే ఈ ఆటలో బ్యారెల్ ఎలాగూ వేడెక్కుతుంది.

క్రీగర్, బార్ట్‌లైన్, బ్రక్స్ వంటివారి బ్యారెల్ కొని, ఛాంబర్ కోయించి బిగించేసరికి సుమారు 700 నుంచి 900 డాలర్లు. దాన్ని పైన చెప్పిన కాల్పుల సంఖ్యతో భాగించి చూడండి. డాషర్‌లో గుండుకు 35 నుంచి 60 సెంట్లు, డబ్ల్యూఎస్ఎంలో దాదాపు 47 నుంచి 90 సెంట్లు బ్యారెల్ ఖర్చే పడుతుంది. మందు దగ్గరా ఇదే కథ. ఒక పౌండు డబ్బాలో 7000 గ్రెయిన్లు ఉంటాయి. 30 చిల్లర గ్రెయిన్లు తినే చిన్న తూటాకు ఆ డబ్బా 200 కాల్పులు దాటి వస్తుంది. 60 దాటి తినే పెద్ద తూటాకు 110 వస్తే గొప్ప. ఎక్కువ సాధన చేసినవాడే గాలిని చదవడం నేర్చుకుంటాడు కాబట్టి, చవకగా కాల్చగలగడం కూడా గురికి పనికొచ్చేదే.

దొరుకుబాటు మరో సంగతి. 2020 తరువాత రెండేళ్లకు పైగా అమెరికాలో ప్రైమర్లు, మందులు దొరక్క షూటర్లు విలవిల్లాడారు. చిన్న 6 ఎంఎం తూటాలకు అందరూ వాడే వార్గెట్ ఇప్పటికీ కనిపించిన రోజునే కొనాలన్న పేరు తెచ్చుకుంది. ఎంచుకున్న కార్ట్రిడ్జ్‌లో కనీసం రెండు మూడు మందులు బాగా పని చేస్తాయా అని చూసుకోండి. డాషర్, బీఆర్‌ఏలకు వార్గెట్, హెచ్4895, రీలోడర్ 15 మూడూ సరిపోతాయి; .284కు హెచ్4350, హెచ్4831ఎస్‌సీ. మోతాదులను మాత్రం మందు తయారీదారు ప్రచురించిన పుస్తకం నుంచే తీసుకుని, కనిష్ఠం నుంచి మెల్లగా పైకి వెళ్లండి. పక్క బెంచీవాడి మోతాదు అతని ఛాంబర్‌కే సరి.

బ్యారెల్ ఛాంబర్ కోయడానికి పంపకముందే, ఒకే లాటు (ఒకే విడతలో తయారైన) ఇత్తడి 200, ఒకే లాటు గుళ్లు కనీసం 1000, ఒకే లాటు మందు ఎనిమిది పౌండ్లు, దానికి తగ్గ ప్రైమర్లు మీ అల్మరాలో ఉండాలి. ఇవి దొరకకపోతే కార్ట్రిడ్జ్ మార్చుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది. కోసిన ఛాంబర్‌ను మార్చలేరు.

ఏడో మెట్టు: కాగితం మీద పెట్టడం

ఇప్పటిదాకా వచ్చినవారికి నిర్ణయం దాదాపు ఖాయమై ఉంటుంది. కాకపోతే, నా మాటగా ఇది తీసుకోండి: 600 గజాలు మాత్రమే అయితే బీఆర్ లేదా బీఆర్‌ఏ. 600, 1000 రెండూ అయితే డాషర్ లేదా బీఆర్‌ఏ. మీ వెయ్యి గజాల రేంజి బయలు ప్రదేశమై గాలి ఆగనిదైతే, అదే 0.473 యాక్షన్‌కు రెండో బ్యారెల్‌గా .284, మొదటిది సగం అరిగాక. తూటాకు తూటాకు వేగం తేడాను తగ్గించడం నేర్చుకోవడానికి చిన్న తూటానే మంచి బడి. వెయ్యి గజాల్లో సెకనుకు పది అడుగుల తేడా వస్తే గుండు రెండు అంగుళాలకు పైగా పైకో కిందికో పడుతుంది, కాబట్టి ఆ పాఠం తప్పించుకోలేనిది.

ఇక మెలిక. 105 నుంచి 110 గ్రెయిన్ల 6 ఎంఎం గుళ్లకు ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు లేదా ఏడున్నరకు ఒకటి. 180 గ్రెయిన్ల 7 ఎంఎంకు తొమ్మిది లేదా ఎనిమిదిన్నర. 215 గ్రెయిన్ల .30కు పది. బెర్గర్ స్థిరత్వ లెక్కలో 1.5 పైన వచ్చేలా చూసుకుంటే గుండు తన పూర్తి గుణాన్ని చూపుతుంది. బ్యారెల్ పొడవు 28 నుంచి 30 అంగుళాలు మామూలు. 17 పౌండ్ల హద్దులో స్కోపు, స్టాకు బరువులు కలిపి కూడుకుని అప్పుడు బ్యారెల్ లావును నిర్ణయించండి.

ఆ తరువాత ఒక నమూనా తూటా తయారు చేయండి. అందులో మందు ఉండకూడదు, ప్రైమర్ ఉండకూడదు. మీరు వాడబోయే ఇత్తడిలో మీరు వాడబోయే గుండును, మీకు కావలసిన లోతులో నిలబెట్టండి. గుండు వెనుక తోక మొదలయ్యే గీత, ఇత్తడి మెడ, భుజం కలిసే చోటు కంటే పైనే ఉండాలి. ఆకారం మార్చిన ఇత్తడిలో అక్కడ లోపలి వైపు ఒక దిబ్బ పెరుగుతుంది, గుండు దాన్ని తాకితే పట్టు ఒక్కో తూటాకు ఒక్కోలా మారుతుంది. మెడ బయటి కొలతను మైక్రోమీటరుతో నాలుగు చోట్ల తీసి రాసుకోండి. మెడను చెక్కే పని పెట్టుకోకూడదనుకుంటే, ఛాంబర్ మెడ ఆ కొలత కంటే అంగుళంలో వెయ్యోవంతులు మూడు ఎక్కువగా ఉండేలా గన్‌స్మిత్‌ను అడగండి. ఖాళీ మరీ తగ్గితే గుండు వదలడం కష్టమై ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇక్కడ పొదుపు పనికిరాదు.

ఆ నమూనా తూటాను, కొలతల కాగితాన్ని గన్‌స్మిత్‌కు పంపి, అతని రీమర్ గీత పటం తెప్పించుకోండి. ఛాంబర్ ముందు గాడులు లేని భాగం పొడవు మీ నమూనాకు సరిపోతుందో ఆ పటంలో చూడండి. సరిపోకపోతే ఆ భాగాన్ని, అంటే గొంతును, విడిగా పొడిగించే రీమర్ అతని దగ్గర ఉందేమో అడగండి. ఛాంబర్ కోసేటప్పుడు మిగిలే బ్యారెల్ ముక్కలో అదే రీమర్‌తో ఒక చిన్న ఛాంబర్ తీసి ఇవ్వమని కోరండి. భుజాన్ని ఎంత వెనక్కి నెట్టాలో, డై (వాడిన ఇత్తడిని తిరిగి కొలతకు నొక్కే అచ్చు) సరిగా కూర్చుందో దానితో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇక చివరగా, బ్యారెల్ మీద కార్ట్రిడ్జ్ పేరు, ఛాంబర్ మెడ కొలత, మెలిక మూడూ చెక్కించండి. డాషర్, బీఆర్‌ఏ, బీఆర్ తూటాలు చూడడానికి ఒకే కుటుంబంలా ఉంటాయి, ఒకదానిది ఒకదాంట్లో పెడితే ప్రమాదం. మీ తరువాత ఆ బ్యారెల్ ఎవరి చేతికి వెళ్లినా లోపల ఏముందో వారు ఊహించాల్సిన అవసరం ఉండకూడదు.